బ్రెజిల్ విన్న ఓటమి

రేడియోలో ఆటల వ్యాఖ్యానము వినుట యొక విచిత్రమైన అనుభవము. మైదానము కనబడదు; బంతి కనబడదు; ఆటగాని ముఖము కనబడదు. అయినను పెట్టె ముందు కూర్చుండినవారు చేతులు పిసుకుకొందురు, లేచి నిలుచుందురు, వంటయింటిలోని వారిని కేకవేసి పిలుతురు. వ్యాఖ్యాత గొంతు ఒక్క క్షణము ఆగినచో ఇంటిలోని వారందరి ఊపిరియు ఆగును. మేమును అట్లు వినినవారమే. గెలుపు కంటె ఓటమియే చెవులలో ఎక్కువ కాలము నిలుచునని మా అనుభవము. ఒకానొక సాయంకాలము ఒక దేశము దేశమంతయు ఇట్లే రేడియోల ముందు కూర్చుండి వినిన ఓటమిని 50 ఏండ్లు గడచినను మరువలేకపోయినది. ఆ దేశము బ్రెజిల్. ఆ దినము 1950 జూలై 16, ఆదివారము.

ఆ కథ చెప్పుటకు ముందు ఆ దేశపు మనస్థితి కొంత తెలియవలెను. రెండవ ప్రపంచ యుద్ధము వలన 1938 తరువాత 12 ఏండ్లు ప్రపంచ ఫుట్‌బాల్ పోటీలు జరుగలేదు. ఐరోపా దేశములు యుద్ధపు శిథిలములను తొలగించుకొనుచున్న కాలమున, ఆ పోటీలను మా యింట జరుపుదుమని ముందునకు వచ్చినది బ్రెజిల్. అచట బానిసత్వము రద్దయినది 1888లో. రాజరికము పోయి ప్రజాప్రభుత్వము ఏర్పడినది 1889లో. 1950 నాటి జనాభా సుమారు 5 కోట్ల 20 లక్షలు. అది విశాలమైన దేశమని, కాఫీ పండించు దేశమని లోకమెరుగును. కాని గొప్ప దేశమని ఇంకను ఎవరును అనలేదను వెలితి అచటి విద్యావంతుల మనస్సులను కలచుచుండెను. ఆ మాట లోకము చేత అనిపించుకొనుటకు వారికి దొరికిన అవకాశము ఫుట్‌బాల్.

అందుకై నాటి రాజధాని రియో డి జనీరోలో ప్రపంచమున ఎచటను లేనంత పెద్ద క్రీడామైదానము కట్టదలచిరి. ఎచట కట్టవలెనను విషయమై నగర సభలో పెద్ద వివాదము చెలరేగెను. కార్లోస్ లసెర్డా అను రాజకీయ నాయకుడు ఊరికి దూరమైన జకరెపగ్వా ప్రాంతమున కట్టుడనెను. నగరమధ్యమున మరకనా యను చోటనే కట్టవలెనని పోరాడినవారిలో ప్రముఖుడు ఆరీ బర్రోజో. ఈయన వృత్తాంతము మన రేడియో శ్రోతలకు ముచ్చట గొలుపగలదు. బ్రెజిల్ దేశమున గొప్ప పాటల రచయిత, నగర సభ్యుడు, అదియుగాక రేడియోలో ఫుట్‌బాల్ వ్యాఖ్యాత. మైదానపు రొదలో గోలు పడిన సంగతి శ్రోతలకు తెలియుట ఎట్లని ఆలోచించి, జేబులో నోటితో వాయించు చిన్న హార్మోనికా ఉంచుకొని, గోలు పడినప్పుడెల్ల దానిని వాయించెడివాడు. తన కిష్టమైన జట్టు గోలు వేసినచో ఆ వాద్యమున ఉత్సాహము పొంగిపొరలెడిదట. ఎదిరి జట్టు వేసినచో ముక్తసరిగా ఒక చిన్న కూత. నిష్పక్షపాతము వ్యాఖ్యాతకు అలంకారమని చెప్పు మా వంటివారు ఆయనను మెచ్చుకొనరాదు గాని, మెచ్చుకొనక యుండుటయు కష్టమే.

1948 ఆగస్టు 2న పని మొదలిడి 1950 జూన్ 16న మైదానమును ప్రారంభించిరి. అప్పటికి కట్టడము పూర్తి కాలేదు. పరంజా కర్రలు ఇంకను కొన్నిచోట్ల నిలిచియేయుండెను. అయినను రెండు లక్షల జనము పట్టు ఆ గుండ్రని కట్టడమును చూచి బ్రెజిల్ ప్రజలు, ఇక కప్పు మాత్రమే మిగిలినదని భావించిరి.

ఆ పోటీలలో మన భారతదేశమును ఆడవలసియుండెనను సంగతి పలువురు మరచియుందురు. ఇటలీ, స్వీడన్, పరాగ్వేలు గల వర్గమున మన పేరును చేర్చిరి, మనవారు పోలేదు. బూట్లు లేకుండ ఆడనీయరని తెలిసి మానిరను కథ ప్రచారమున గలదు. 1948 లండన్ ఒలింపిక్ క్రీడలలో మనవారు పలువురు వట్టికాళ్లతో ఆడి ఫ్రాన్సు చేతిలో 1–2 తేడాతో ఓడిన మాట నిజమే. కాని సముద్రములు దాటి పోవలసిన దూరము, ఒలింపిక్ క్రీడలే గొప్పవన్న నాటి మన ఫుట్‌బాల్ పెద్దల అభిప్రాయము, ఈ రెండును అంతకంటె బలమైన కారణములని మాకు తోచుచున్నది. ఏమైనను ఆ చరిత్రకు మనము సాక్షులము కాలేకపోతిమి. అసలు కథకు వత్తము.

ఆ యేటి పోటీల పద్ధతి నేటి పద్ధతి వంటిది కాదు. చివరకు మిగిలిన 4 జట్లు, అనగా బ్రెజిల్, ఉరుగ్వే, స్పెయిన్, స్వీడన్, తమలో తాము ఒకరితో నొకరు ఆడవలెను. ఎక్కువ పాయింట్లు వచ్చినవారికి కప్పు. గెలిచినచో 2, సమమైనచో 1. బ్రెజిల్ జూలై 9న స్వీడన్‌ను 7–1 తేడాతోను, 13న స్పెయిన్‌ను 6–1 తేడాతోను చిత్తుచేసెను. స్పెయిన్‌తో ఆడిన దినమున మైదానమున చేరిన జనమంతయు చేతిరుమాళ్లు ఊపుచు, స్పెయిన్ ఎద్దుల పోట్లాటలను గూర్చిన యొక కార్నివాల్ పాటను ఏకకంఠముతో పాడిరట. ఉరుగ్వే మాత్రము స్పెయిన్‌తో 2–2 గా సమముచేసి, స్వీడన్‌ను 3–2 తేడాతో ఎట్లో గట్టెక్కెను. కావున చివరి ఆటకు వచ్చుసరికి బ్రెజిల్‌కు 4 పాయింట్లు, ఉరుగ్వేకు 3. బ్రెజిల్ గెలువనక్కరలేదు, ఓడకున్న చాలును.

జనము లెక్కకు తెచ్చుకొనని సంగతులు రెండు కలవు. మొదటి దశలో స్విట్జర్లాండు బ్రెజిల్‌ను 2–2 గా నిలిపివేసియుండెను. రెండవది, అంతకు రెండు నెలలకు ముందే, మే నెలలో, ఇదే ఉరుగ్వే బ్రెజిల్ గడ్డపైననే ఒక ఆటలో 4–3 తేడాతో గెలిచెను. అటు తరువాతి రెండు ఆటలు బ్రెజిల్ గెలిచెననుకొనుడు, అదియు ఒక్కొక్క గోలు తేడాతోనే. చిన్న దేశమే యైనను ఉరుగ్వే సామాన్యమైనది కాదు. 1924, 1928 ఒలింపిక్ క్రీడలలో స్వర్ణము, 1930లో మొట్టమొదటి ప్రపంచ కప్పు వారివే. 7–1, 6–1 అను అంకెల వెలుగులో ఇవి యేవియు జనుల కంటికి కనబడలేదు.

ఆటకు ముందే పండుగ మొదలైనది. జట్టు బసను ఊరి చివరి ప్రశాంతమైన ఇంటి నుండి సావ్ జనువారియో మైదానమునకు మార్చిరి. రాజకీయ నాయకులు బారులుతీరి వచ్చి ఆటగాండ్రతో చేతులు కలిపిరి; అది ఎన్నికల సంవత్సరము. ఒక పత్రిక బ్రెజిల్ జట్టు ఛాయాచిత్రమును ప్రకటించి, వీరే ప్రపంచ విజేతలని ఆటకు ముందే శీర్షిక పెట్టెను. ఉరుగ్వే కెప్టెను ఒబ్దూలియో వరేలా ఆ పత్రికలను కొని తెచ్చి స్నానాల గది నేలపై పరచి తన ఆటగాండ్రచే వానికి చేయించిన అవమానమును గూర్చి యొక కథ కలదు. నాగరకుల యిండ్లలో చదువబడు ఈ పత్రికలో దానిని వివరింపలేము, చదువరులు ఊహించుకొనగలరు. ఆట ప్రారంభమగుటకు ముందు నగర మేయరు మెండెస్ డి మొరాయిస్ ధ్వనివర్ధకము ముందు నిలిచి, కొద్ది గడియలలో లక్షలాది స్వదేశీయుల చేత విజేతలని కీర్తింపబడనున్న వీరులారా యని బ్రెజిల్ ఆటగాండ్రను సంబోధించెను. విజయగీతమొకటి ముందే రచింపబడి సిద్ధముగా నుండెను. పెండ్లికి ముందే తలంబ్రాల బియ్యము వండి తినినట్లాయెను.

టిక్కెట్లు కొని వచ్చినవారు 1,73,850 మందియని లెక్క. టిక్కెట్టు లేక వచ్చినవారిని కలిపి రెండు లక్షలందురు. పగలు 3 గంటలకు ఆట మొదలాయెను. ఇంగ్లండు దేశస్థుడైన జార్జి రీడర్ రిఫరీ. తెల్ల చొక్కాలతో బ్రెజిల్, లేత నీలపు చొక్కాలతో ఉరుగ్వే. విరామము వరకు ఎవరికిని గోలు లేదు. విరామము తరువాత రెండు నిమిషములకే, 47వ నిమిషమున, ఫ్రియాసా బ్రెజిల్‌కు గోలు సంపాదించెను. బాణసంచా మిన్ను ముట్టెను. అప్పుడు వరేలా చేసిన పని చరిత్రలో నిలిచిపోయెను. అతడు బంతిని చేతబట్టుకొని, తొందర లేకుండ నడచుచు, అది ఆఫ్‌సైడని రిఫరీతో వాదమునకు దిగెను. గోలు రద్దగునని అతనికిని ఆశ లేదు. ఆ కొద్ది నిమిషములలో జనుల కేకలు చల్లారవలెను. తనవారి గుండెలు నిలకడకు రావలెను. అంతే అతని కోరిక. అది నెరవేరెను.

66వ నిమిషమున ఉరుగ్వే కుడివైపు ఆటగాడు గిజ్జియా, ఎదుట నున్న బిగోడిని దాటి పరుగెత్తి, బంతిని మధ్యకు పంపగా స్కియఫీనో దానిని గోలులోనికి కొట్టెను. 1–1. ఇంకను కప్పు బ్రెజిల్‌దే. కాని జనులు పాడుట మానిరి. 79వ నిమిషమున గిజ్జియా మరల అదే దారిని వచ్చెను. గోలు కడ నిలిచిన బ్రెజిల్ గోల్‌కీపరు మోయసీర్ బర్బోజా ఏమి తలచియుండును? 13 నిమిషముల క్రిందట ఈతడే ఇటనుండియే బంతిని మధ్యకు పంపెను. మరల మధ్యకే పంపును. ఆట తెలిసిన ఏ గోల్‌కీపరైనను అట్లే తలచును. తలచి ఒక్క అడుగు ముందునకు, మధ్యవైపునకు జరిగెను. గిజ్జియా మధ్యకు పంపలేదు. దగ్గరి స్తంభమునకు, బర్బోజాకు నడుమ నున్న సందులోనికి నేరుగా కొట్టెను. బర్బోజా ఎడమవైపునకు దుమికెను. చేతికి బంతి తగిలెననియు, బయటకు నెట్టివేసితిననియే తాను తలచెననియు ఆయన తరువాత చెప్పుకొనెను. లేచి వెనుకకు చూచునప్పటికి బంతి వలలో నుండెను.

రేడియో గ్లోబో వ్యాఖ్యాత లూయిజ్ మెండెస్ ఆ క్షణమున "ఉరుగ్వే గోలు" అను మాటను మరల మరల పలికెను. మొదట ప్రకటనగా, పిమ్మట ప్రశ్నగా, పిమ్మట తనలో తాను చెప్పుకొనునట్లుగా. ఒక్కొక్కసారి ఒక్కొక్క స్వరము. వ్యాఖ్యానము మా వృత్తిలో నొక భాగము. అందుచేత మాకు ఈ సంగతి తలపునకు వచ్చినప్పుడెల్ల ఒడలు జలదరించును. కనులు చూచినదానిని నోరు నమ్మలేదు. నోరు చెప్పినదానిని చెవులు నమ్మలేదు. ఇక్కడ ఒక సంగతి గుర్తించవలెను. ఆనాటికి బ్రెజిల్‌లో టెలివిజన్ లేదు. మొదటి టెలివిజన్ కేంద్రము సావ్ పావ్లోలో ప్రసారములు ప్రారంభించినది సెప్టెంబరు 18న, అనగా ఆటకు రెండు నెలల తరువాత. మైదానమున చేరిన రెండు లక్షల మందిని మినహాయింతము. తక్కిన దేశమంతయు ఆ గోలును చూడలేదు, వినెను. అమెజాను తీరపు ఊళ్ల నుండి దక్షిణపు పశువుల మేత భూముల వరకు, అంగళ్ల ముందు, ఇరుగుపొరుగు ఇండ్లలో, రేడియో చుట్టు గుమిగూడి వినెను. ప్రతి శ్రోతయు తన మనస్సులో ఒక గోల్‌కీపరును కల్పించుకొనెను, ఒక తప్పటడుగును కల్పించుకొనెను.

మిగిలిన 11 నిమిషములు గడచిపోయెను. అంతర్జాతీయ ఫుట్‌బాల్ సంఘపు అధ్యక్షుడు జూల్ రిమే ఆట సమముగా నున్నప్పుడే, కప్పును బ్రెజిల్ కెప్టెనుకు అందించుటకై మెట్లు దిగి క్రిందికి వచ్చుచుండెను. జేబులో పోర్చుగీసు భాషలో వ్రాసికొనిన అభినందన ప్రసంగము. మైదానపు ద్వారము కడకు వచ్చుసరికి లోకమంతయు మూగబోయియుండెను. స్వాగత వరుసలు లేవు, జాతీయగీతము లేదు, వేదిక లేదు. కప్పు చంకనిడుకొని గుంపులో అటునిటు త్రోయబడి, తుదకు వరేలా కనబడగా ఎవరును చూడకుండ ఇచ్చినట్లు దానిని అతని చేతిలో పెట్టి చేయి కలిపితినని ఆయన తరువాత వ్రాసెను. ప్రసంగము జేబులోనే మిగిలెను.

ఆ మౌనమును గూర్చి చెప్పని వారు లేరు. గుండె ఆగి మరణించినవారు కలరని, ప్రాణములు తీసికొనినవారు కలరని వార్తలు పుట్టినవి. వాని లెక్క ఒక్కొక్కరు ఒక్కొక్క విధముగ చెప్పుదురు గాన మేము వానిని ఇచట వ్రాయము. అటువంటి మౌనము మనకును కొంత తెలియును. 2023 నవంబరు 19న అహమ్మదాబాదులో మన క్రికెట్ జట్టు ఆస్ట్రేలియా చేతిలో ప్రపంచ కప్పు కోల్పోయినప్పుడు, 90 వేలు దాటిన జనము మధ్య బ్యాటు తగిలిన చప్పుడు వినబడెను. కాని రెంటికిని తేడా కలదు. మన వెనుక 1983 కలదు, 2011 కలదు. 1950 నాటి బ్రెజిల్‌కు వెనుదిరిగి చూచుకొని ఓదార్పు పొందుటకు ఒక్క కప్పయినను లేదు.

ఆ రాత్రి వరేలా తన జట్టువారి సంబరములలో నిలువక రియో వీధులలోనికి పోయెను. ఒక పానశాలలో కూర్చుండగా ఆయనను గుర్తించిరి. కొట్టుదురని ఆయన భయపడెను. వారు ఆయన భుజముపై తలవాల్చి ఏడ్చిరి. ఇంతమందిని దుఃఖపెట్టితినిగదా యని ఆ రాత్రి తన గెలుపు తనకే చేదయ్యెనని ఆయన తరువాత చెప్పెను. అదే సాయంకాలము సావ్ పావ్లో రాష్ట్రమందలి బవురూ ఊరిలో, దొందీన్యో అను ఫుట్‌బాల్ ఆటగాడు రేడియో వినుచు కన్నీరు కార్చెను. తండ్రి ఏడ్చుట ఎన్నడు నెరుగని 9 ఏండ్ల కుమారుడు, ఏడువకు నాయనా, నేను నీకు ఆ కప్పు గెలిచి తెత్తునని పలికెనట. పిల్లలు ఇట్టి మాటలు పలుకుట వింత కాదు. ఆ పిల్లవాడు పెలే యగుట వింత.

దుఃఖము వరకు ఈ కథలో మాకు ఆక్షేపణ లేదు. అటుపిమ్మట జరిగినది వేరు. ఇంత పెద్ద దుఃఖమునకు ఇంత చిన్న కారణమా యని జనుల మనస్సు ఒప్పుకొనదు. ఒక ఆటలో ఒక జట్టు మరియొక జట్టు కంటె కొన్ని నిమిషములు బాగుగ ఆడెనను మాట చాలదు. దోషి కావలెను. శిక్షకుడు ఫ్లావియో కోస్తాను తిట్టినవారు లేకపోలేదు. కాని కొన్నేండ్లకు ఆయన తిరిగి జాతీయ జట్టుకు శిక్షకుడైనాడు. నింద నిలిచినది ముగ్గురిపై: గోల్‌కీపరు బర్బోజా, రక్షకశ్రేణిలోని బిగోడి, జువెనాల్. ముగ్గురును నల్లజాతివారు. బిగోడిని వరేలా చెంపదెబ్బ కొట్టెననియు, అతడు పిరికివాడై ఊరకుండెననియు ఒక కథ పుట్టెను. కొట్టితినని వరేలా ఎన్నడు ననలేదు. కొట్టెనని బిగోడియు అనలేదు. కథ మాత్రము చావలేదు. రేడియోలో చెంపదెబ్బ వినబడదు గదా! విననివారు, చూడనివారు దానిని ప్రత్యక్షముగ చూచినట్లు చెప్పుకొనిరి.

బానిసత్వము రద్దయి అప్పటికి 62 ఏండ్లు. మారియో ఫిల్యో అను సుప్రసిద్ధ పత్రికా రచయిత 1947లో బ్రెజిల్ ఫుట్‌బాల్‌లో నల్లవారి చరిత్రను గూర్చి గ్రంథము వ్రాసి, ఈ ఆట జాతిభేదములను కరగించుచున్నదని ఆశపడెను. 1964లో దానిని పెంచి మరల అచ్చువేయునప్పుడు, 1950 ఓటమి తరువాత ఆ పాత విషము తిరిగి పైకి వచ్చిన విధమును అందు చేర్చవలసివచ్చెను. నల్లవానికి గుండె దిటవు ఉండదు, గోలు కడ నల్లవానిని నిలుపరాదు అను మూఢవిశ్వాసము ఎంతయో కాలము ఆ దేశమున తిరుగాడెను. మరకనా మైదానమునకు 1966లో పెట్టిన పేరు ఈ మారియో ఫిల్యోదే.

ఆయన తమ్ముడు, నాటకకర్త నెల్సన్ రోడ్రిగ్స్. ఆ ఓటమిని ఈయన హిరోషిమాతో పోల్చెను. ప్రతి దేశమునకు తీరని జాతీయ విపత్తొకటి యుండును, మాకది ఉరుగ్వే చేతి ఓటమి యని ఆయన భావము. ఈ పోలిక మాకు నచ్చదు. హిరోషిమాలో కాలి బూడిదయైనవారి ఎదుట ఒక గోలును నిలుపుట తగదు. అయినను ఒక దేశము తన దుఃఖమునకు కొలతబద్ద వెదకికొని దొరకక, చేతికందిన అతి పెద్ద మాటను పట్టుకొనినదని మాత్రము తెలియుచున్నది. అదే నెల్సన్ 1958లో మరియొక మాట కల్పించెను: వీధికుక్క మనోభావము. లోకము ఎదుట తన్ను తాను తక్కువగ ఎంచుకొనుట బ్రెజిల్ వానికి పట్టిన జబ్బని, 1950 నుండి అది ముదిరెనని ఆయన వ్రాసెను. ఈ రెండవ మాట మాకు మొదటి దానికంటె నిజమనిపించును.

చొక్కాలపైన సైతము కోపము తీర్చుకొనిరి. తెల్లచొక్కా దేశభక్తి లేని చొక్కాయట! 1953లో కొరెయో ద మన్యా యను పత్రిక, జెండాలోని నాలుగు రంగులు గల కొత్త దుస్తుల నమూనాకై పోటీ పెట్టెను. గెలిచినవాడు అల్దీర్ గార్సియా ష్లీ అను యువకుడు. పసుపు చొక్కా, ఆకుపచ్చ అంచులు, నీలపు లాగు, తెల్ల మేజోళ్లు. 1954 నుండి బ్రెజిల్ వేసికొనుచున్న, లోకమంతయు గుర్తించు వేషమిదియే. ఈ ష్లీ పుట్టినది ఉరుగ్వే సరిహద్దు నంటియున్న జగువరావ్ పట్టణమున. ఆట విషయమున అతని మనస్సు ఎప్పుడును ఉరుగ్వే వైపేనట. ఇంకొక చమత్కారము: 1958 జూన్ 29న స్టాక్‌హోములో, 17 ఏండ్ల పెలేతో కూడి, బ్రెజిల్ స్వీడన్‌ను 5–2 తేడాతో ఓడించి మొట్టమొదటి కప్పు గెలిచినప్పుడు వారి ఒంటిపై పసుపు చొక్కాలు లేవు. స్వీడన్‌వి కూడ పసుపువే యగుటచే, అప్పటికప్పుడు నీలపు చొక్కాలు సంపాదించి ఆడిరి.

1958, 1962, 1970, 1994, 2002: అయిదు కప్పులు బ్రెజిల్‌కు వచ్చినవి. ఇన్ని వచ్చిన పిమ్మట పాత లెక్క కొట్టివేసియుందురని మనమనుకొందుము. బర్బోజా విషయమున అట్లు జరుగలేదు. ఆయన 1949లో దక్షిణ అమెరికా విజేత యైన బ్రెజిల్ జట్టు గోల్‌కీపరు. ఆ కాలపు మేటి గోల్‌కీపర్లలో నొకడు. అవి యేవియు లెక్కకు రాలేదు. ఆట చాలించిన తరువాత మరకనా మైదానముననే చిన్న యుద్యోగము చేసికొని బ్రదికెను. ప్రతిదినము ఆ గోలు ముందునుండియే నడచిపోవుట! పాత చెక్క స్తంభములు తీసివేసినప్పుడు వానిని ఆయనకే యిచ్చిరనియు, ఆయన వానిని పొయ్యిలో పెట్టి మాంసము కాల్చి స్నేహితులకు విందు చేసెననియు చెప్పుదురు. నిజమో కాదో గాని, నిజమైనచో మేము సంతోషింతుము. ఒకనాడు అంగడిలో ఒక తల్లి ఆయనను చూపి, బ్రెజిల్ నంతటిని ఏడిపించినవాడు ఇతడే నాయనా యని తన బిడ్డతో ననెనట. ఆ బిడ్డ ఆ ఆట నాటికి పుట్టియు నుండడు. 1993లో జాతీయ జట్టు శిక్షణ శిబిరమునకు ఆటగాండ్రను పలుకరింప బోగా ఆయనను లోనికి రానీయలేదు. ఆయన ముఖము అపశకునమని భయపడిరని చెప్పుకొనిరి. తమ దేశపు చట్టమున ఎంతటి నేరమునకైనను 30 ఏండ్లకు మించి శిక్ష లేదనియు, తనకు మాత్రము 50 ఏండ్లు పడినదనియు ఆయన చివరి దినములలో అనెను. అప్పటి చట్టము ప్రకారము ఆ లెక్క సరియే. 2000 ఏప్రిల్ 7న, 79 ఏండ్ల వయస్సున, పేదరికమున ఆయన కన్నుమూసెను.

2014 జూలై 8న బ్రెజిల్ తన గడ్డపైననే జర్మనీ చేతిలో 1–7 తేడాతో ఓడెను. ఇది చెవితో వినినది కాదు. కోట్లమంది కన్నులార చూచినది. 1950లో ఓడినది ఒక్క గోలు తేడాతోనే గదా యని అప్పుడు కొందరికి బర్బోజా జ్ఞప్తికి వచ్చెను. గోలు వేసిన గిజ్జియాను మాత్రము బ్రెజిల్‌వారు ముందే గౌరవించియుండిరి; 2009లో మరకనాలో ఆయన పాదముద్ర తీసికొనిరి. మరకనాను నోరు మూయించినవారు పోపుగారు, గాయకుడు సినాట్రా, నేను, ముగ్గురమే యని ఆయన హాస్యమాడెడివాడు. ఆనాడు మైదానమున నిలిచిన 22 మందిలో చివరివరకు జీవించినవాడు ఆయన. మరణించినది 2015లో. తేది జూలై 16.

పావ్లో పెర్డిగావ్ అను రచయిత 1986లో ఈ ఓటమిని గూర్చి వ్రాసిన గ్రంథమున, ఆనాటి రేడియో వ్యాఖ్యానమును మొదటినుండి తుదివరకు అచ్చువేసెను. ఆయన వ్రాసిన కథయొకటి ఆధారముగా 1988లో బర్బోజా పేరనే చిన్న చలనచిత్రము తీసిరి. బర్బోజా అప్పటికి జీవించియే యుండెను. అందు, చిన్ననాట మైదానమున ఆ ఓటమిని చూచి మనస్సు విరిగిన యొకడు, పెద్దవాడై కాలయంత్రమున వెనుకకు పోయి 1950 జూలై 16న మరకనాలో దిగును. ఎట్లైనను బర్బోజాను హెచ్చరింపవలెను. కావలివారిని తప్పించుకొని గోలు వెనుకకు చేరును. అటు కుడివైపునుండి గిజ్జియా వచ్చుచున్నాడు. ఇతడు గట్టిగా పేరెత్తి పిలుచును. పిలుపు విని బర్బోజా చూపు అటు మరలును. ఆ క్షణముననే బంతి లోపలికి పోవును.